చెంబు మీద మూడు గాట్లు

రోశమ్మకు చదువు రాదు. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఆస్పత్రిలో ఆమె గురించి ఎవరు మాట్లాడినా ముందు ఇదే చెప్పేవాళ్ళు. "పిల్లల వార్డు ఆయా లేదూ, ఆ చదువురాని రోశమ్మ" అనేవాళ్ళు. నేనూ అన్నాను. అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్ళు. బి.ఎస్సీ. నర్సింగ్ ఆఖరి సంవత్సరం. నాకు తెలియని సంగతి ఏదన్నా ఉందంటే అది ఇంకా పుస్తకంలో అచ్చు కాలేదని నమ్మే వయసు.

ఇది 1986 ఎండాకాలం మాట. ఆస్పత్రి నరసరావుపేటలో ఉండేది, పేరు మాత్రం చెప్పను. మాది రెంటచింతల. రెంటచింతలలో పుట్టినవాళ్ళకు ఎండ ఒక లెక్క కాదంటారు గానీ, ఆ పిల్లల వార్డు రేకుల కప్పు కింద నాకే కళ్ళు తిరిగేవి. మా నాన్న ఇన్నయ్య మాస్టారు ఊళ్ళో కనబడ్డవాళ్ళకల్లా "మా ఫిలోమినా పరిశోధన చేస్తోంది" అని చెప్పుకునేవాడు. ఆయన గొంతులో ఆ పరిశోధన చంద్రమండలం మీద జరుగుతున్నట్టుండేది. జరిగేది మాత్రం విరేచనాల పిల్లల మంచాల మధ్య.

రోశమ్మకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మోచేతుల దాకా కాయలు కాసిన చేతులు. ఆమె భర్త బక్కయ్య వీధులు తిరుగుతూ రోళ్ళకూ తిరగళ్ళకూ గాట్లు కొట్టే పని చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా గంప నెత్తిన పెట్టుకుని ఆయన వెంట తిరిగిందట. ఆయనకు నడుము నొప్పయితే ఉలి తనే పట్టిందట. పిల్లలు పుట్టాక ఆస్పత్రిలో ఆయాగా చేరింది. తొమ్మిదేళ్ళయినా టెంపరరీ ఆయానే. ఆ జూన్ నెలాఖరుకు పై ఆఫీసుకు ఒక జాబితా పోవాలి. అందులో పేరుంటే ఉద్యోగం పర్మినెంటు. పేరు పక్కన సూపరింటెండెంటు దేవానందం గారు "ఈమె మీద ఫిర్యాదు ఏదీ లేదు" అని రాసి సంతకం పెట్టాలి. ఆయన మంచివారే గానీ కాగితం మనిషి. కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు. తొమ్మిదేళ్ళలో రోశమ్మ మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. వచ్చే నెలన్నర గట్టెక్కితే చాలని ఆమె వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేది.

సరిగ్గా ఆ నెలన్నరలోనే నేను దిగాను.

నా పరిశోధన ఇదీ. విరేచనాలతో చేరిన పిల్లలకు ఆస్పత్రిలో వైద్యం చేసి పంపేటప్పుడు తల్లి చేతికి రెండు ఉప్పు చక్కెర పొట్లాలు ఇచ్చేవాళ్ళు. ఇంట్లో మళ్ళీ విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగించాలి. కానీ మా పల్నాట్లో పిల్లకు విరేచనాలైతే నీళ్ళు ఆపేస్తారు, పాలు కూడా ఆపేస్తారు. లోపలికి పోతేనేగా బయటికొచ్చేది అని వాళ్ళ లెక్క. ఆ లెక్కకు ఏటా ఎందరు పిల్లలు ఎండిపోయేవాళ్ళో. కాబట్టి తల్లులకు సరిగ్గా పాఠం చెబితే ఇంటికెళ్ళాక తేడా ఉంటుందా అన్నది నా ప్రశ్న. సోమ, బుధ, శుక్రవారాల్లో చేరిన పిల్లల తల్లులకు నేను పాఠం చెబుతాను. మంగళ, గురు, శనివారాల్లో చేరినవాళ్ళకు చెప్పను. ఇంటికి పోయిన పదిరోజులకు అందరి ఇళ్ళకూ వెళ్ళి, ఎవరు ఎట్లా కలుపుతున్నారో చూసి మార్కులు వేస్తాను. చెప్పినవాళ్ళకు ఎక్కువ మార్కులు రావాలి. వస్తాయని నాకు ముందే తెలుసు. మొదటి పేజీ అప్పుడే రాసేసుకున్నాను కూడా.

మొదటి రోజే రోశమ్మకు గట్టిగా చెప్పాను.

"చూడు ఆయమ్మా, మంగళ, గురు, శనివారాల వాళ్ళకు నేనేమీ చెప్పను. నువ్వూ నోరు విప్పకూడదు."

"ఎందుకని?"

"అందరికీ చెబితే తేడా ఎట్లా తెలుస్తుంది?"

ఆమె చంకలో బిందె కింద పెట్టింది. "అయితే సోమారం వచ్చిన బిడ్డ తల్లి నేర్చుకుంటది, మంగళారం వచ్చిన బిడ్డ మీ తేడా కోసం ఉంటదా? ఏం పాపం చేసిందమ్మాయ్ ఆ బిడ్డ, ఒకరోజు ఆలిస్యంగా జబ్బు పడిందనా?"

"వాళ్ళకూ సెలైనూ మందులూ పొట్లాలూ అన్నీ ఇస్తారు. నా పాఠం ఒక్కటే ఉండదు. ఇది సైన్సు. నీకు అర్థం కాదులే."

"కాదులే అమ్మాయ్" అని బిందె ఎత్తుకుని పోయింది. ఒప్పుకుందనుకున్నాను.

నా పాఠం బాగుండేది, నేనే చెప్పుకోకూడదు గానీ. రంగుల బొమ్మల అట్టలు, కాలేజీ వాళ్ళిచ్చిన నీలం ఎనామిల్ జగ్గు. ఆ జగ్గు నిండితే సరిగ్గా లీటరు. పొట్లం మొత్తం జగ్గుడు నీళ్ళలో కలపాలి, తల్లిపాలు మాన్పించకూడదు, కలిపిన నీళ్ళు రోజు దాటితే పారబోయాలి, బిడ్డ కళ్ళు లోతుకు పోయి ఒంటేలు ఆగితే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ నాలుగు మాటలూ తల్లుల చేత తిప్పి తిప్పి చెప్పించేదాన్ని. రోశమ్మ గుమ్మం దగ్గర నేల తుడుస్తూ ఉండేది. తుడిచిన చోటే తుడిచేది. పాఠమయ్యాక జగ్గు కడిగి పెట్టడం ఆమె పని. ఒక్క జగ్గు కడగడానికి ముప్పావుగంట పట్టేది. వార్డు వెనక కుళాయి దగ్గర ఏదో టక్కు టక్కుమని చప్పుడు కూడా వినబడేది. బద్ధకం మనిషి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటోందని విసుక్కున్నానే గానీ, ఒక్కసారన్నా లేచి చూడలేదు.

జూన్‌లో ఊళ్ళ మీద పడ్డాను. బస్సులు, ఎద్దుబండ్లు, మిగిలింది కాలినడక. మొదట వినుకొండ దగ్గర పిచ్చమ్మ ఇంటికి వెళ్ళాను. సోమవారం తల్లి, నా క్లాసులో ఫస్టు. "ఏదీ, పొట్లం కలిపి చూపించు" అన్నాను. ఉత్సాహంగా ఒక చిన్న గ్లాసు తెచ్చి, పావు గ్లాసు నీళ్ళలో పొట్లం మొత్తం ఒంపింది. అంత చిక్కగా తాగిస్తే బిడ్డకు మేలు మాట అటుంచి ప్రమాదం.

"జగ్గుడు నీళ్ళని చెప్పానుగా పిచ్చమ్మా!"

"మీ జగ్గు మీతోనే పోయిందిగా సిస్టరమ్మా. మా ఇంట్లో జగ్గేదీ? అయినా నీళ్ళెక్కువైతే మందు పలచబడిద్దిగా?"

నేను పాఠం చెప్పినవాళ్ళలో పద్దెనిమిది మంది ఇళ్ళలో దొరికారు. సరిగ్గా కలిపింది ఏడుగురు. మిగతావాళ్ళకు నాలుగు మాటలూ నోటికి వచ్చు, నీళ్ళ కొలత మాత్రం చేతికి రాదు. పాపం వాళ్ళదేముంది, లీటరంటే ఎంతో వాళ్ళ ఇంట్లో ఏ గిన్నెకు తెలుసు?

తర్వాత పాఠం చెప్పనివాళ్ళ వంతు. చిలకలూరిపేటలో పత్తిమిల్లులో పనిచేసే సుభానీ అనే అతని భార్య మొదటిది. ఆమె స్టీలు గిన్నె తెచ్చింది, కుండలో నీళ్ళు ముంచి పోసింది, లోపలి అంచున వేలితో తడిమి చూసుకుని ఆపింది. పొట్లం మొత్తం వేసి కలిపింది. నా సంచిలో జగ్గుతో కొలిచి చూశాను. లీటరు. చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఇంతే పోయాలని ఎట్లా తెలిసింది?"

గిన్నె తిప్పి చూపించింది. బయటవైపు ఉలితో కొట్టిన మూడు చిన్న గాట్లు, వరసగా. బయట కొట్టిన గాటు లోపల బొడిపెలా తేలింది. కళ్ళతో చూడక్కర్లేదు, వేలికి తగులుతుంది.

"ఆస్పత్రిలో రోశమ్మక్క కొట్టింది. మా సొంత గిన్నెకే కొట్టింది" అని మురిసిపోతూ చెప్పింది.

ఆ తర్వాత ఇల్లిల్లూ అదే. మంగళవారం వాళ్ళ గిన్నెకు మూడు గాట్లు, గురువారం వాళ్ళ తపేలాకు మూడు గాట్లు, శనివారం వాళ్ళ చెంబుకు మూడు గాట్లు. ఆస్పత్రిలో గిన్నెలివ్వరు కాబట్టి తల్లులంతా ఇంటినుంచి తెచ్చుకున్నవే అవి. పాలూ నీళ్ళూ ఒంటేలూ కళ్ళూ, నా నాలుగు మాటలు నాలుగూ వాళ్ళ నోట. వీళ్ళూ పద్దెనిమిది మందే దొరికారు, అందులో పదహారుగురు సరిగ్గా కలిపారు. ఏమీ చెప్పనివాళ్ళు గెలిచారు, నేను చెప్పినవాళ్ళు ఓడిపోయారు. బస్సులో కూర్చుని ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, సిగ్గుతో ఏడ్చానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, సిగ్గే ఎక్కువ.

అసలు తప్పు ఆఖరి ఇంట్లో చేశాను. బొల్లాపల్లి అవతల ఒక పల్లె. కోడలు పొలం పోయింది, అత్త నాంచారమ్మ ఉంది. అరవై ఏళ్ళ మనిషి, నిటారుగా నడిచేది. ఇత్తడి చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా కోడలు దీంట్లోనే కలుపుద్ది. గాట్లు పెట్టుకొచ్చిందని మొదట తిట్టా. మంచి పనికేలే అని ఊరుకున్నా" అంది. చెంబు తిప్పాను. దాని మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంది. చదువుకున్నదాన్ని కదా, నోరు ఊరుకుంటుందా?

"ఇదెవరి పేరండీ? 'పె' ఉంది, చివర 'య్య' ఉంది. గాట్లు పడి మధ్యలో మూడక్షరాలు చెరిగిపోయాయి."

నాంచారమ్మ నా చేతిలోంచి చెంబు లాక్కుంది. "చెరిగిందా? ఏది? పేరు చెరిగిందా?" అని దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. ఆమెకు చదవడం రాదు. గాట్లు పడ్డాయని తెలుసు గానీ పేరు మీద పడ్డాయని తెలియదు. నేను చెప్పేదాకా ఆ పేరు ఆమెకు నిండుగానే ఉంది.

"పెదకోటయ్య, మా ఇంటాయన. పోయి ఆరేళ్ళయింది. మా పెళ్ళయిన కొత్తలో వినుకొండలో కొట్టించి తెచ్చిండు. ఆయన పేరు ఇంకెక్కడా రాసి లేదమ్మా ఈ లోకంలో" అని అక్కడే చతికిలబడింది. నేనేదో గొణిగి బస్సు టైమైందని లేచి వచ్చాను. అంతకంటే నీచంగా నేను ఎప్పుడూ ఒక ఇంట్లోంచి బయటికి రాలేదు.

మర్నాడు రోశమ్మను కుళాయి దగ్గర పట్టుకున్నాను. దాచలేదు. చీర చెంగులో మూట విప్పి బక్కయ్య పాత ఉలి చూపించింది.

"ఎంతమందికి కొట్టావు?"

"నువ్వు చెప్పనోళ్ళందరికీ. మీ జగ్గుతో నీళ్ళు పోసి, ఆడికి గాటు పెట్టి, నీ నాలుగు మాటలూ చెప్పా. నువ్వు చెప్పినోళ్ళ జోలికి పోలేదమ్మాయ్. నువ్వు చెప్పినాక మళ్ళీ నేను చెబితే నిన్ను తక్కువ చేసినట్టు కాదూ?"

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆమె ఎందుకింత సాహసం చేసిందో నాకొక కారణం కావాలి. "నీ బిడ్డల్లో ఎవరన్నా ఇట్లా విరేచనాలతో పోయారా?" అని అడిగాను.

రోశమ్మకు కోపం వచ్చింది. "ఏందమ్మాయ్ ఆ మాట? నాకు నలుగురు. నలుగురూ గుండ్రాళ్ళ మాదిరి ఉన్నారు. బిడ్డ పోయినోళ్ళకేనా జాలుండేది? చేతిలో జగ్గుండె, ఎదురుగా తల్లి ఉండె. నోరు మూసుకోబుద్ధి గాలేదు, అంతే."

అప్పుడు నాంచారమ్మ చెంబు సంగతి చెప్పాను. రోశమ్మ ముఖం నల్లబడింది. ఉలిని మళ్ళీ చెంగులో చుట్టేసింది.

"పేర్లు కొట్టించుకుంటారని తెలుసు. ఏది పేరో, ఏది పువ్వో నాకెట్టా తెలుసుద్ది? చుక్కలుంటే పూల వరసనుకున్నా. నీళ్ళు సరిగ్గా ఆడికే వచ్చినయ్. పూలనుకున్నానమ్మాయ్" అంది. తొమ్మిదేళ్ళలో ఆమె ఏడవడం వార్డులో ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను.

ఆ గురువారం మా కాలేజీ నుంచి నా పరిశోధన చూసే మేడమ్ వచ్చారు. లెక్కలు చూసి, రోశమ్మ గాట్ల సంగతి నా నోట విని ముక్కు మీద వేలేసుకున్నారు. తర్వాత తలుపు దగ్గరగా వేసి చెప్పారు: "దీన్ని ఇట్లాగే ఇస్తే నీ డిగ్రీ ముక్కుతూ మూలుగుతూ గట్టెక్కడమే. ఒక పని చెయ్యి. ఆయా నీ ఆదేశాలు ధిక్కరించి పరిశోధన చెడగొట్టిందని ఒక కాగితం రాసివ్వు. సూపరింటెండెంటు గారి చేత సంతకం పెట్టిస్తాను. నెల గడువు దొరుకుతుంది, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు."

రాశాను. దాచుకోవడం ఎందుకు, రాశాను. మా నాన్న ముఖం కళ్ళ ముందు మెదిలింది. క్లాసులో ముందుండే నేను మూలుగుతూ పాసవడమేమిటనిపించింది. అన్నీ రాసి, సంతకం మాత్రం పెట్టలేక సంచిలో పెట్టుకున్నాను. జాబితా పోవడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ కాగితం మీద నా సంతకం పడితే అదే రోశమ్మ మీద మొదటి ఫిర్యాదు.

కానీ నాకంటే ముందు నాంచారమ్మ వచ్చింది. శుక్రవారం పదింటికి చెంబును తువ్వాల్లో మూటగట్టుకుని, బస్సు దిగి నేరుగా సూపరింటెండెంటు గారి గదిలోకి నడిచింది. మేడమూ నేనూ అక్కడే ఉన్నాం. మూట విప్పి చెంబు బల్ల మీద పెట్టింది.

"దీని మీద ఉలి పెట్టిందెవరయ్యా?"

దేవానందం గారు రోశమ్మను పిలిపించారు. రోశమ్మ తల వంచుకుని "నేనే" అంది. ఆయన తన పద్ధతి ప్రకారం తెల్లకాగితం తీసి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టారు. మేడమ్ నా మోచేయి తట్టారు. "నీ కాగితం కూడా తియ్యి, రెండూ కలిపి పెడదాం."

"ఈ ఆయా మీ కోడలికి ఏం చెప్పిందమ్మా?" అని అడిగారు దేవానందం గారు, రాసుకోవడానికి.

"ఏం చెప్పిందా? పొట్లం మొత్తం ఎయ్యాల, గాటు దాకా నీళ్ళు పొయ్యాల, చనుపాలు మాన్పగూడదు, రోజు దాటితే పారబొయ్యాల, బిడ్డ కళ్ళు లోతుకు పోయి ఒంటేలు ఆగితే ఉన్నపళాన ఆస్పత్రికి ఉరకాల. ఏం, నాకు తెలవదనుకుంటున్నావా? మా వాడలో ఎవరి బిడ్డకు విరోచనాలైనా ఈ చెంబే అడుక్కుపోతుండ్రు. పదిరోజుల్లో నాలుగిళ్ళు తిరిగొచ్చింది. తిరిగితే తిరగనీ! గాట్లు పడితే పడనీ! ఆయన పేరు మీద కొట్టమని ఎవరు చెప్పిండ్రు?"

అంత కోపంలోనూ నాలుగు మాటలూ ఒక్కటి తప్పకుండా చెప్పింది. అలవాటు కొద్దీ నేను మనసులో మార్కులు వేశాను. నూటికి నూరు. నా క్లాసులో అన్ని మార్కులు ఎవరికీ రాలేదు. ఆమె నా క్లాసుకు రాలేదు, రోశమ్మ క్లాసుకు కూడా రాలేదు, కోడలి నోట విన్నది. నా సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి రెండు కాగితాలు తగిలాయి. సంతకం పెట్టని కాగితం వదిలేసి, మార్కుల కాగితం తీసి దేవానందం గారి ముందు పెట్టాను.

"సార్, నేను చెప్పిన పద్దెనిమిది మందిలో సరిగ్గా కలిపింది ఏడుగురు. ఈమె చెప్పిన పద్దెనిమిది మందిలో పదహారుగురు. సగం మంది తల్లులకు చెప్పొద్దన్నది నేను. చెప్పింది ఈమె. చెంబు మీద పేరు చెరిగిందని ఆ పెద్దావిడకు చెప్పి ఏడిపించింది కూడా నేనే. నా రిపోర్టులో ఇదే రాస్తాను."

మేడమ్ ముఖం మాడిపోయింది. దాని ఫలితం తర్వాత మార్కుల్లో కనబడింది, పాసయ్యానంతే. దేవానందం గారు నా కాగితం రెండుసార్లు చదివారు. చదివి పక్కన పెట్టారు.

"ఇదంతా సరేనమ్మా. కానీ ఫిర్యాదు వచ్చింది. దీని మీద ఆమె వేలిముద్ర పడితే రోశమ్మ పేరు జాబితాలోకి ఎక్కదు. అది నా చేతిలో లేదు" అని, రాసిన కాగితమూ ఇంకు ప్యాడూ నాంచారమ్మ వైపు జరిపారు.

రోశమ్మ ఉద్యోగం మాట ఎత్తలేదు. నాంచారమ్మకు ఎదురుగా వచ్చి నిలబడింది. "పెద్దమ్మా, చదువు రానిదాన్ని. పూలనుకున్నా. ఆయన పేరు మళ్ళా కొట్టిస్తా, నా చేత్తో కొడతా."

"చదువు రానిదానివి ఎట్టా కొడతావే?"

"ఈ అమ్మాయి రాసిద్ది. నేను కొడతా."

నాంచారమ్మ ఇంకు ప్యాడు వంక చూసింది, చెంబు వంక చూసింది. "కొట్టు. ఏలుముద్ర సంగతి తర్వాత. ఈసారి తప్పు పోయిందో, నిన్నొదలను."

కుళాయి దగ్గర కూర్చున్నాం. చెంబుకు సొట్ట పడకుండా రోశమ్మ అందులో తడి ఇసుక కూరింది. గాట్లకు రెండోవైపు నేను సుద్దముక్కతో పేరు రాశాను. ఆమె ఉలి కొసతో ఆ గీతల వెంట చుక్కలు కొట్టడం మొదలుపెట్టింది. రోళ్ళకు గాట్లు కొట్టిన చెయ్యి, ఒక్క చుక్క అటూ ఇటూ పోలేదు. నాంచారమ్మ చేతులు కట్టుకుని నెత్తి మీద నిలబడే ఉంది.

"ఇదేం అచ్చరం అమ్మాయ్?"

"పె."

"పె" అని చుక్కలు కొట్టింది. "ఇది?"

"ద."

ప్రతి అక్షరం అడిగింది, ప్రతి అక్షరం పైకి అంది. చివరి దాని దగ్గర ఆగింది. "ఈ కింద తోకేంది?"

"ఒత్తక్కా. అది లేకపోతే పేరు సగమే అవుతుంది." ఆమెను నేను అక్కా అన్నది అప్పుడే.

"అమ్మో, లేకుంటే ఎట్టా" అని ఆ ఒత్తు మీద మరో నాలుగు చుక్కలు ఎక్కువే కొట్టింది.

గంట పట్టింది. ఇసుక తీసి, కడిగి, చెంబు నాంచారమ్మ చేతికి ఇచ్చింది. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. చూస్తే ఏం తెలుస్తుంది ఆమెకు? "ఇది మా ఆయన పేరేనా? నాకేం తెలుసు, మళ్ళా పూలే కొట్టావేమో" అంది. నేను చదివి చెబుదామని నోరు తెరిచాను. అంతలో రోశమ్మ ఆమె పక్కకు వచ్చి నిలబడి, ఆమె చూపుడువేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టింది.

"ఇది పె. ఇదుగో, ఇది ద. ఇది కో. ఇది ట. ఈ తోకున్నది య్య. చదువు పెద్దమ్మా."

నేను నోరు మూసుకున్నాను. గంట క్రితం దాకా రోశమ్మకు తెలియని అక్షరాలవి. నాంచారమ్మ వేలు చుక్కల మీద మెల్లగా నడిచింది. "పె... ద... కో... ట... య్య." మళ్ళీ మొదటి నుంచి నడిచింది. మూడోసారి రోశమ్మ చెయ్యి తీసేసింది. ఆమె వేలు ఒక్కటే నడిచింది, ఎక్కడా ఆగలేదు.

దేవానందం గారు ఫిర్యాదు కాగితమూ ఇంకు ప్యాడూ పట్టుకుని వరండాలోకి వచ్చారు. "ఏమ్మా, వేలిముద్ర వేస్తావా?"

నాంచారమ్మ ఆ కాగితం అందుకుంది. చెంబు మీద ఇంకా అక్కడక్కడా సుద్దా తడీ మిగిలున్నాయి. కాగితంతో చెంబును చుట్టూ శుభ్రంగా తుడిచింది, గాట్లవైపు కూడా తుడిచింది. తుడిచి, ఉండ చుట్టి రోశమ్మ చేతిలో పెట్టింది.

"ఇది పారెయ్యే. నాకు బస్సుంది."